గొట్టంలో దూది

అంకమ్మరావు ఇంటి హాల్లో నలభై ఏళ్లుగా గోడకి వేలాడుతున్న తుపాకి గొట్టంలోకి మాబు ఇనప కడ్డీ తోస్తే, అది కొసదాకా పోకుండా జానెడు ముందే ఆగిపోయింది.

మాబు కడ్డీ ఆగిన చోట బొటనవేలు అదిమిపట్టి బయటికి లాగాడు. దాన్ని గొట్టం పక్కన ఆనించి కొలిచాడు. మళ్లీ తోశాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఇనుముకి ఇనుము తగిలినట్టు కాదు, గోనెసంచికి తగిలినట్టు మెత్తగా ఆగింది.

తుపాకి బల్ల మీద పడుకుని ఉంది. దాని మూతికి సరిగ్గా ఎదురుగా, నాలుగు గజాల దూరంలో, నేల మీద కూర్చుని అంకమ్మరావు భార్య రాజ్యం దసరా పూజకి వత్తులు చేసుకుంటోంది.

"అమ్మా, కాస్త లేచి ఇటు రండి," అన్నాడు మాబు. గొంతు పెంచలేదు.

"ఏందయ్యా, చేతిలో పని ఉండగా?"

"ముందు రండమ్మా. తర్వాత చెబుతా."

ఆ గొంతులో ఏం వినిపించిందో గాని, రాజ్యం ఒళ్లోని దూది ఒళ్లోనే పట్టుకుని లేచి వచ్చింది. మాబు తుపాకి మూతిని ఖాళీ గోడ వైపు తిప్పాడు. అప్పుడు చెప్పాడు, తుపాకి దట్టించి ఉందని.

అంకమ్మరావు నవ్వేశాడు. అరవై దాటిన మనిషి. ఆయన నవ్వితే వీధిలోకి వినిపిస్తుంది. ఆ తుపాకిలో మందు పోసి నలభై ఏళ్లయిందన్నాడు. వాళ్ల నాన్న మిరపచేలో పడ్డ పందిని కొట్టబోయి తన సొంత ఎద్దునే కొట్టాడట. ఆ రోజే ఇక దీంట్లో మందూ గుండూ పొయ్యనని ఒట్టేసుకుని గోడకెక్కించాడట. అప్పట్నించీ ఏటా విజయదశమి సాయంత్రం ఒక్కసారి కిందికి దించుతారు. పసుపూ కుంకుమా పెడతారు. జమ్మిపూజ అయ్యాక ఇంటి పెద్ద వీధరుగు మీద నిలబడి, ఉత్త టోపీ ఒకటి పెట్టి ఆకాశంలోకి కొడతాడు. టప్ మంటుంది. చుట్టూ మూగిన పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతారు. అంతటితో సరి, మళ్లీ ఏడాదిదాకా గోడకే.

టోపీ అంటే జొన్నగింజకన్నా కాస్త పెద్ద రాగి మూత. లోపల చిటికెడు పేలుడుమందు ఉంటుంది. తుపాకి గుర్రం వచ్చి దాన్ని కొడితే నిప్పురవ్వ సన్నటి రంధ్రంలోంచి గొట్టంలోకి దూరుతుంది. లోపల ఏమీ లేకపోతే టప్ మని ఊరుకుంటుంది.

ఇప్పుడు లోపల ఏదో ఉంది. విజయదశమి ఇంక మూడు రోజుల్లో ఉంది.

అంకమ్మరావు నవ్వు ఆగిపోయింది.

మాబుది దూదేకుల కుటుంబం. తాతా తండ్రీ భుజాన విల్లు వేసుకుని పేట నుంచి నరసరావుపేట దాకా ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకినవాళ్లు. మాబు ఒక్కడే ఆ పని మాని, పదహారో ఏట గుంటూరులో త్యాగరాజు తుపాకుల కొట్లో చేరాడు. ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు ఒంగోలు నుంచి తెనాలి దాకా ఎవరింట్లో పాత తుపాకి ఉన్నా, అది ఏ కాలందో, ఎంతకి పోతుందో చెప్పాలంటే మాబునే పిలుస్తారు. నేర్పింది త్యాగరాజే. తుపాకి వయసు కట్టాలంటే దాని మీద రాసింది చదవకు, మర మేకుల తలలు చూడు అనేవాడు ఆయన. రాత అబద్ధం చెబుతుంది, అరుగుదల చెప్పదు అనేవాడు.

అంకమ్మరావు రమ్మన్నది కూడా ఆ పని మీదే. లైసెన్సు ఆయన పేరున ఉంది. ఆయన తర్వాత అడిగేవాడు లేడు. నూరేళ్లు దాటిన తుపాకి అని కాగితం ఉంటే ప్రభుత్వం పాత వస్తువుల కింద రాసుకుంటుందనీ, ఇంట్లోనే ఉంచుకోవచ్చనీ, లేదా మంచి ధరకి ఇచ్చెయ్యవచ్చనీ ఎవరో చెప్పారు. వయసూ వెలా కట్టి ఇమ్మని త్యాగరాజుకి మూడుసార్లు కార్డు రాశాడు. మూడుసార్లూ దసరా వెళ్లాక చూద్దామనే జవాబు. నాలుగో కార్డు మాబు ఇంటికే రాశాడు. త్యాగరాజు రెండు రోజుల పని మీద మద్రాసు వెళ్లాడు. కొట్టు మూసి ఉంది కదా, పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేద్దామని మాబు తొలి బస్సెక్కి పేటలో దిగి ఈ ఊరు వచ్చాడు.

"ఎవడో పాలేరు పిట్టల కోసం దట్టించి ఉంటాడు," అన్నాడు అంకమ్మరావు.

మాబు చెంబుతో నీళ్లడిగాడు. టోపీ పెట్టే రంధ్రంలోంచి చుక్కచుక్కగా నీళ్లు పోసి, లోపలి మందు తడిసి చచ్చేదాకా అరగంట ఆగాడు. తర్వాత కడ్డీ కొసకి మర మేకు బిగించి లోపలికి తిప్పాడు. మొదట దూది ఉండ వచ్చింది. అది గొట్టం పైభాగంలోది, పొడిగానే ఉంది. దాని వెనక గుండు రావాలి. గుండు రాలేదు. మర మేకు దేన్నో గీరుతోంది. గొట్టాన్ని వంచి కొడితే ఎర్రగా పెళ్లలు పెళ్లలుగా రాలింది. బంకమట్టి. దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. దట్టించాక ఆరి ఇటుకలా అయింది. దాని వెనక మళ్లీ దూది. ఆ వెనక మందు, నల్లటి బురదలా, కారుతూనే ఉంది. రాజ్యం తెచ్చిపెట్టిన ఇత్తడి పళ్లెం సగానికి నిండింది.

మాబు చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"ఇది పిట్టలకి కాదండీ. పందికీ కాదు. దీంట్లో గుండే లేదు."

"గుండు లేకపోతే ఇంక భయమేంది?"

"గుండుంటే గుండు బయటికి పోతుంది. ఇక్కడ బయటికి పోవడానికేమీ లేదు. నాలుగు తుపాకుల మందు అడుగున పోసి, దారిలో మట్టి గోడ కట్టారు. టోపీ కొట్టగానే ఆ మంట ఎటు పోవాలి? గొట్టం చీల్చుకుని రావాలి. కొట్టేవాడి చెంప ఇక్కడ ఉంటుంది." మాబు తన చెంప మీద చెయ్యి పెట్టి చూపించాడు. "ఎడం చెయ్యి ఇక్కడ."

రాజ్యం బల్ల అంచు పట్టుకుంది. అంకమ్మరావు కూర్చున్నాడు. ఏటా ఆ అరుగు మీద తన చుట్టూ ఎంతమంది మూగుతారో ఆయన లెక్కపెట్టుకుంటున్నట్టుంది. పెదవులు కదులుతున్నాయి. గోడ గడియారం పదిన్నర కొట్టింది. ఆ ఒక్క గంటకి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

ఏం చెయ్యాలో తోచక మాబు తను వచ్చిన పని మొదలుపెట్టాడు. చేతికి అలవాటైన పని చేస్తే బుర్ర కుదుటపడుతుంది.

ఈ తుపాకిని అతను ఇదివరకు ఒక్కసారే ముట్టుకున్నాడు, పదేళ్ల కిందట. నున్నటి వాల్‌నట్ కర్ర. గుర్రం పక్కనుండే తాళం పలక మీద కిరీటం, టవర్ అనే ఇంగ్లీషు మాట, 1858 అనే సంవత్సరం. గొట్టం లోపల, గుండు గిర్రున తిరుగుతూ పోవడానికి కోసిన మూడు గాడులు మెలిక తిరుగుతూ మూతి నుంచి అడుగుదాకా పోతాయి. అసలైన ఇంగ్లండు తుపాకి. కొండవీటి కొండల్లో చిరుతని కొట్టినందుకు అంకమ్మరావు ముత్తాతకి దొర ఎవరో ఇచ్చాడంటారు. తర్వాత ఎందుకో త్యాగరాజు దాన్ని మాబు చేతికివ్వలేదు. పెద్దింటి తుపాకి, నేనే చూసుకుంటాననేవాడు.

మాబు టార్చిలైటు వేసి గొట్టంలోకి చూశాడు. మూతి దగ్గర మూడు గాడులూ ఉన్నాయి. రెండు అంగుళాల మేరే. ఆ తర్వాత లేవు. మిగతాదంతా బోరింగు పైపులా నున్నగా ఉంది. పొడుగునా సన్నగా ఒక అతుకు గీత కూడా కనిపించింది.

కన్ను తీసి, నలుపుకుని, మళ్లీ చూశాడు.

కర్ర మీద గోటితో గీశాడు. పైరంగు కింద టేకు. మర మేకుల తలల్లో గాడి ఇప్పటి రంపంతో కోసినట్టు నిటారుగా ఉంది, ఒక్కదానికీ అరుగుదల లేదు. ఇంక తాళం పలక. కిరీటం ఉంది. టవర్ ఉంది, కాని అక్షరం అక్షరం విడివిడిగా గుద్దినట్టుంది, ఒకటి పక్కకి ఒరిగింది. సంవత్సరం దగ్గర భూతద్దం పెట్టాడు. 1858. అందులో ఎనిమిదులు రెండు. రెండింటికీ కింది సున్నా ఎడంపక్కన ఒకే చోట చిన్న చీలిక.

మాబు భూతద్దం కింద పెట్టాడు.

గుంటూరు కొట్లో అంకెలు గుద్దే ఉక్కు ముక్కల పెట్టె ఒకటుంది. అందులో ఎనిమిది అంకె ముక్క ఒకసారి మాబు చేతుల్లోంచే జారి పట్టకారు మీద పడి కింది సున్నా చిట్లింది. ఆ రోజు చీవాట్లు తిన్నాడు. అప్పట్నించీ ఆ పెట్టెలోంచి పడిన ఏ ఎనిమిదికైనా ఆ చీలిక ఉంటుంది.

"ఎంత చేస్తుంది?" అన్నాడు అంకమ్మరావు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగిన ప్రశ్న అది.

మాబు నిజమే చెప్పాడు. అసలుది మద్రాసులో పాతికవేలకి కళ్లు మూసుకుని పోతుందనీ, దాని వయసు నూట ఇరవై ఎనిమిదేళ్లనీ. ఇది అసలుది కాదనీ. దీని వయసు ఐదారేళ్లనీ. ఇనుము కింద తూచి అమ్మితే టీ ఖర్చులకి వస్తుందనీ.

రాజ్యం చేతులు ఊరికే ఉండలేక బల్ల మీద ఉన్న పొడి దూది ఉండలోంచి కాస్త పీకి వత్తి చెయ్యబోయాయి. వేళ్ల మధ్య రెండుసార్లు తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఇదేం దూదయ్యా, వత్తికి రావడంలా? జారిపోతంది."

మాబు ఆ దూది అందుకున్నాడు. వెలుగులోకి పట్టుకుని రెండు బొటనవేళ్ల మధ్య సాగదీశాడు. అతను తుపాకుల పని నేర్చుకున్నది పదహారో ఏట. ఈ పని అంతకు ముందే వచ్చు. ఇది మిల్లులో ఆడించింది కాదు, విల్లుతో ఏకింది. పోగు పోగూ విడిపోయి పొగలా ఉంది. అందులో సగం మామూలు పత్తి. మిగతా సగం పట్టులా మెరుస్తోంది, మెలి పెడితే మెలి నిలవడం లేదు. బూరుగు దూది. బూరుగుని వత్తి చెయ్యడం ఎవరివల్లా కాదు.

పత్తినీ బూరుగునీ సగం సగం కలిపి ఏకేవాళ్లు లేరు. పత్తి గడ్డ కడుతుంది, బూరుగు ఎగిరిపోతుంది, రెండూ కలవవు అంటారు. మాబు తండ్రి ఒకే ఒక్కసారి కలిపాడు. తన కొడుక్కి విద్య నేర్పిన మనిషి నడుం నొప్పితో కుర్చీలో కూర్చోలేకపోతున్నాడని, రెండు రోజులు కష్టపడి ఏకి, ఎర్ర దారంతో కుట్టి, ఒక మెత్త తీసుకెళ్లి ఇచ్చాడు. త్యాగరాజు కుర్చీలో పదిహేనేళ్లుగా ఉన్నది ఆ మెత్తే.

"మేస్త్రీ," అన్నాడు అంకమ్మరావు. గొంతు మారింది. "ఈ తుపాకి మీ కొట్టు నుంచి శుభ్రం చేయించుకొచ్చి ఇరవై రోజులు. అప్పట్నించీ మేకు దిగలా. నిచ్చెన వేస్తే గాని ఈ ఇంట్లో ఎవరికీ అందదు. దట్టించింది మీ కొట్లోనే. మీ కొట్లో ఉండేది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడివి నా ఎదురుగా ఉన్నావు."

"తుపాకి కొట్లో ఉన్న నాలుగు రోజులూ నేను చీరాలలో ఉన్నానండీ, మా చెల్లెలి పెళ్లికి. గురువుగారే చూశారు దీన్ని."

"దానికి ఋజువు?"

"ఏ తుపాకి ఎవరు విప్పారో కొట్లో ఉండే పోలీసు రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలండీ. ఆయన పేరే ఉంటుంది."

అంకమ్మరావు పేట పోలీసుల దగ్గరికి బయలుదేరతానన్నాడు. మాబు ఆయన కాళ్లు పట్టుకోలేదు. ఒక్కటే అడిగాడు. ఇప్పుడు పోలీసులు వస్తే నా మాట ఒకటి, గురువుగారి మాట ఒకటి, అంతే. గురువుగారు పదకొండు గంటల బండికి దిగుతారు. ఆయనకి మనం మందు తీసేసిన సంగతి తెలియదు. మీరు తుపాకి పట్టుకుని నాతో రండి. నేను తప్పయితే నన్ను అక్కడే పట్టించండి.

రాజ్యం మొగుడి వైపు తిరిగింది. "వెళ్లండి ఇతనితో. ఇతను దట్టించినవాడైతే నన్ను ముందు లెమ్మంటాడా?"

అంకమ్మరావు బుల్లెట్ మోటారుసైకిలు మీద ఇద్దరూ బయలుదేరారు. తుపాకి గోనెలో చుట్టి మాబు ఒళ్లో ఉంది. హైవే పొడుగునా పత్తి మిల్లులు, లారీలు, గాల్లో తేలే దూది నలుసులు. తన చొక్కా మీద వాలిన ప్రతి నలుసునీ మాబు వేళ్లతో తీసి పారేస్తూ వచ్చాడు. నేను పొరపడి ఉండాలి అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. ఎనిమిది అంకె వేరే కొట్లో కూడా చిట్లి ఉండవచ్చు. ఇంకెవరో దూదేకులాయన బూరుగు కలిపి ఉండవచ్చు. గుంటూరు చేరేలోగా తనకి తాను ఇరవై రకాలుగా చెప్పుకున్నాడు.

త్యాగరాజు వచ్చి ఉన్నాడు. కుర్చీలో, ఆ మెత్త మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. తెల్లటి పంచె, కళ్లజోడు, చెవి మీద పెన్సిలు. గోనె విప్పి తుపాకి బల్ల మీద పెట్టగానే కాఫీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. క్షణం సేపే. తర్వాత ఒక గుక్క తాగి కింద పెట్టాడు.

టోపీ సరిగ్గా పట్టడం లేదనీ, పండక్కి ముందు ఒకసారి చూపించుకుందామని వచ్చాననీ అంకమ్మరావు చెప్పాడు. దారిలో అనుకున్నట్టే చెప్పాడు. గొంతులో తేడా లేదు. చిన్నప్పుడు నాటకాలేసిన మనిషి.

త్యాగరాజు తుపాకిని ముట్టుకోలేదు. వదిలి వెళ్లండి, రేపు చూసి పంపిస్తానన్నాడు. పండగ ఎదురుగా పెట్టుకుని మళ్లీ ఎవరు తిరుగుతారు, ఒక్క టోపీ కొట్టి చూపిస్తే పోతానన్నాడు అంకమ్మరావు. తన చెయ్యి బెణికిందన్నాడు త్యాగరాజు.

"నేను కొడతా గురువుగారూ," అన్నాడు మాబు.

త్యాగరాజు తలెత్తి అతని వంక చూశాడు. ఆ చూపులో ఏమీ లేదు. కోపం లేదు, భయం కూడా లేదు. ఒక వస్తువుని ఎంతకి పోతుందా అని చూసే చూపు. మాబుకి అది బాగా తెలుసు. ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

"సరే. చూడు," అన్నాడు త్యాగరాజు. "నూనె డబ్బా ఎక్కడ పెట్టానో, తెస్తానుండు."

లేచాడు. లేచినప్పుడు మెత్త అంచు కనిపించింది. మూడు వైపులా ఎర్ర దారం. నాలుగో వైపు మూల దగ్గర బెత్తెడు మేర తెల్ల దారం, కొత్తది.

త్యాగరాజు గది చివర ఉన్న ఇనప బీరువా వెనక్కి వెళ్లాడు. తుపాకులు తాళం వేసి పెట్టే బీరువా అది. ఆరడుగుల ఎత్తు. ఆయన పూర్తిగా దాని వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మాబు టోపీ పెట్టాడు. గుర్రం వెనక్కి లాగాడు. తుపాకి ఎత్తి చెంపకి ఆనించాడు. అంకమ్మరావు అతని పక్కనే, భుజానికి భుజం తగిలేటంత దగ్గరగా నిలబడ్డాడు. మాబు మీట మీద వేలు పెట్టి ఆగాడు. లోపల ఏమీ లేదని అతనికి తెలుసు. అయినా గురువు మాట కోసం ఎదురుచూశాడు. ఆగు అని ఒక్క మాట. ఆ ఒక్క మాట వినిపిస్తే చాలు. తుపాకి కింద పెట్టేసి, పొరపడ్డానని అంకమ్మరావు కాళ్లమీద పడి, ఈ దూదినీ ఈ అంకెనీ జన్మలో తల్చుకోడు. బయట రిక్షా గంట మోగింది. ఎవరో మిరపకాయల ఘాటుకి తుమ్మారు. బీరువా వెనక నిశ్శబ్దంగా ఉంది.

మాబు మీట నొక్కాడు.

టప్.

టోపీ పొగ సన్నగా లేచి చెదిరిపోయింది. బీరువా వెనక నుంచి చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత త్యాగరాజు మెల్లగా తల బయటికి పెట్టి చూశాడు. ముందు తుపాకిని, ఆ తర్వాత వాళ్లిద్దరినీ.

"నూనె డబ్బా ఇక్కడే ఉంది గదండీ త్యాగరాజుగారూ," అన్నాడు అంకమ్మరావు. డబ్బా బల్ల మధ్యలో, కాఫీ గ్లాసు పక్కనే ఉంది.

మాబు జేబులోంచి పొట్లం తీసి విప్పాడు. ఎర్రమట్టి పెళ్లలు, మెరిసే దూది. రెంటినీ బల్ల మీద పెట్టాడు.

త్యాగరాజు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మెత్త మీద చెయ్యి పెట్టి, తెల్ల దారం ఉన్న మూల తడిమి, చెయ్యి తీసేశాడు. కళ్లజోడు తీసి మడిచాడు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆయన గొంతు, ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన గొంతులాగే, తడబడకుండా వచ్చింది.

"ఐదేళ్లయింది మాబూ. కర్ర చీలిందని అంకమ్మరావుగారు ఇచ్చి వెళ్లిన వారంలో మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. చూసి వదల్లేదు. ఇలాంటిదే ఒకటి చేసి గోడకి పెడితే ఎవరు చూస్తారన్నాడు. నిజమే కదా అనిపించింది. ఏడాదికి ఒక్క టోపీ కొట్టే తుపాకి. బోరింగు పైపు తెచ్చాను, టేకు కర్ర తెచ్చాను, నువ్వు ఇంటికెళ్లాక చేసుకున్నాను. మూడు నెలలు పట్టింది. అసలుది ఆయన పట్టుకెళ్లాడు. నీకు చెబితే నవ్వుతావు గాని, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత నిద్ర లేదు. ప్రతి దసరాకీ ఎవరో ఒకరు గొట్టంలోకి చూస్తారేమోనని.

"వయసు కట్టి కాగితం ఇమ్మని మీరు కార్డు రాశారు అంకమ్మరావుగారూ. కాగితం నేనే ఇచ్చేవాణ్ణి. కాని పాత వస్తువుల ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూసుకుంటాడు. వాడు మూతి దగ్గరే ఆగడు. అందుకని అది లేకుండా పోవాలి. దొంగతనమైతే పోలీసులు వెతుకుతారు. పగిలితే ఎవరూ వెతకరు. పాతది, పగిలింది అంటారు. ముక్కలు నా దగ్గరికే తెస్తారు, ఎందుకు పగిలిందో చెప్పమని. నేనే చెప్పేవాణ్ణి. మీ చెయ్యి పోతుందనుకున్నాను మొదట. చెయ్యే అనుకున్నాను. మట్టి పెట్టేటప్పుడు తెలిసింది, చెయ్యి ఒక్కటే పోదని. అయినా పెట్టాను.

"మందు మీద కుక్కడానికి కొట్టు గుడ్డ వాడితే కొట్టుదని తెలుస్తుంది. అట్ట వాడినా తెలుస్తుంది. దూది అయితే ఎవరింట్లో లేదు ఈ జిల్లాలో? పత్తిచేల మధ్య ఇల్లు, దూది ఎవరిదో ఎవరు చెప్పగలరు అనుకున్నాను. చేతికి దగ్గరగా ఉన్నది ఈ మెత్త. మూల విప్పి తీశాను. మీ నాన్న ఏకిందని తెలుసు. ఆయన కొడుకు ఉన్నాడు, చెప్పగలడు అని మాత్రం తట్టలేదు.

"రిజిస్టరు చూడక్కర్లేదు మాబూ, చెబుతాను. అందులో ఉన్నది నీ పేరే. నువ్వు చీరాలలో ఉన్న రోజుల్లో రాశాను. సంతకం కూడా నీదే. ఇన్నేళ్లుగా చూస్తున్న సంతకం, కష్టం కాలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే చూపించాలి కదా.

"బీరువా వెనక నిలబడ్డప్పుడు ఆగమందామని నోటిదాకా వచ్చింది. అబద్ధం చెప్పను, వచ్చింది. కాని నువ్వు ఇక్కడే, నీ చేతుల్లోనే పోతే, రిజిస్టర్లో రాసింది నిజమైపోతుంది. ఇంక దిద్దాల్సిన పని ఉండదు. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. అందుకే ఊరుకున్నాను."